చర్చి కుర్చీల మీద మా అమ్మాయి యూనియన్

మా అమ్మాయి పోయింది. తెలుక్ ఇంతాన్ ఆసుపత్రిలో, డెంగీ జ్వరంతో. ఆ వారం మొదట్లో ఒళ్ళు నొప్పులని పనికి వెళ్ళలేదు. వారం చివరికి డాక్టరమ్మ గదిలోంచి బయటకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు. చెయ్యి పట్టుకున్నదే గుర్తుంది. మన మలేసియా తెలుగు సంఘం వాట్సాప్‌లో మీరంతా పెట్టిన దండాలు, పూల బొమ్మలు మా ఆయన ఒక్కొక్కటే నాకు చూపించాడు. అందరికీ మా ఇద్దరి దండాలు.

పెద్దకర్మ అయ్యాక దాని గురించి నాలుగు మాటలు రాయమని సంఘం పెద్దలు అడిగారు. నేను ఎస్టేట్ తెలుగు బడిలో మూడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే వాళ్ళు దిద్దుతామన్నారు. ఏడుపు రాతలు రాస్తానని మీరు అనుకుంటారేమో. ఏడుపు ఇంట్లోనే ఉంది, ఎక్కడికీ పోదు. కానీ ఈ వారం జరిగింది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పెన్ను పట్టుకుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బాధతో కాదు. పెళ్ళివారు గుమ్మంలోకి వచ్చేశాక ఇంకా పొయ్యి దగ్గరే ఉన్న మనిషి ఎలా కంగారుపడుతుందో అలా.

మా అమ్మాయి పనిచేసిన కొబ్బరిపాల ఫ్యాక్టరీలో ఈ వారం ఓటు పెట్టారు. పనివాళ్ళ యూనియన్‌తో కంపెనీ కూర్చుని మాట్లాడాలా అక్కర్లేదా అని ఓటు. ఆ ఓటు కోసమే అది మూడేళ్ళు తిరిగింది. ఓటు రోజు రాకముందే పోయింది. ఆ ఓటు ఏమయిందో మీకు చెప్పాలి. మొదటి నుంచీ చెబితే గాని మీకు తెలియదు, అందుకే కాస్త ఓపికగా చదవండి.

ఫ్యాక్టరీ హుటాన్ మెలింటాంగ్ దారిలో ఉంది. మన బాగన్ దాతుక్ కాయ సగం అక్కడికే పోతుంది. చిప్ప తీసేశాక కొబ్బరి మీద గోధుమరంగు తోలు ఉంటుంది కదా, దాన్ని చిన్న కత్తితో చెక్కి తెల్లగా చెయ్యాలి. అది ఆడవాళ్ళ పని. ఎన్ని బుట్టలు చెక్కితే అంత జీతం. కాళ్ళ కింద నీళ్ళు, చేతుల్లో నీళ్ళు. వేళ్ళ సందులు నాని, తెల్లబడి, పగిలేవి. ఇంటికి రాగానే అది చేతులకు కొబ్బరినూనె పట్టించుకునేది. పగలంతా కొబ్బరి చాలలేదా అని వాళ్ళ నాన్న వేళాకోళం చేసేవాడు. అది నవ్వేది. దాని నవ్వు సంగతి చెప్పాలి. ఏదైనా తమాషా మాట చెప్పబోయే ముందే నవ్వేసేది. నవ్వు ఆగక మాట లోపలే ఉండిపోయేది. ఆ మాటేమిటో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు, అయినా మేమూ నవ్వేవాళ్ళం.

నేనూ కొబ్బరి పనిలోనే పెరిగాను. ఎస్టేట్‌లో పీచు ఒలిచే గునపం దగ్గర మా అమ్మ పక్కన నిలబడి పని నేర్చుకున్నాను. మా రోజుల్లో యూనియన్ అంటే మగవాళ్ళ సంగతి. మీటింగుకి వాళ్ళు వెళ్ళేవారు, వచ్చి అరుగు మీద కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకునేవారు. మేం లోపల కాఫీ కలిపేవాళ్ళం. అందుకని మా అమ్మాయి యూనియన్‌లోకి పోతానంటే నాకు నవ్వొచ్చింది. చర్చికి పోతానంటే మాత్రం నవ్వు రాలేదు.

హుటాన్ మెలింటాంగ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. తమిళ క్రైస్తవులు. వయసులో ఉండగా క్లాంగ్ రేవులో పనిచేసి, అక్కడి యూనియన్‌ని నడిపించిన మనిషి. పని మానేశాక సొంత ఊరు వచ్చి, చర్చి వెనక హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు పనివాళ్ళ కూటం మొదలుపెట్టారు. అందరూ ఆయన్ని యూనియన్ అంకుల్ అంటారు. మా అమ్మాయి పక్కన నిలబడి తోలు చెక్కే అమ్మాయి ఒకతె, సముద్రం అవతలి సారవాక్ నుంచి వచ్చినది, ఆ కూటానికి వెళ్ళేది. ఆమె వెంట ఇదీ వెళ్ళింది.

రెండు ఆదివారాలు అయ్యేసరికి మా వదిన మా ఇంటికి వచ్చింది. కూర్చోను కూడా లేదు.

"ఏటి వదినా, నీ కూతురు వారం వారం సర్సికి ఎల్తందట. ఇంకేటున్నాది, రేపు బొట్టు తీసేత్తాది, ఎల్లుండి పేరు మార్సుకుంటాది. అప్పుడు మా గుమ్మం ముందుకొచ్చి ఏడవకు" అంది.

నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. అది ఇంటికి రాగానే అడిగాను. అది నాతో తప్ప ఇంకెవరితోనూ తెలుగు మాట్లాడేది కాదు. పిల్లలంతా అంతే కదా, అరవం, మలాయ్ కలిపి కొట్టేస్తారు. నాతో మాత్రం మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడేది, మాట చివర మలాయ్‌వాళ్ళ 'లా' ఒక్కటి తగిలించి.

"నీకు అనుమానంగా ఉంటే నువ్వే రా లా. వచ్చి సూడు. సూసింది సెప్పు, ఇన్నది సెప్పకు" అంది.

ఆ మాట దానికి చాలా ఇష్టం. తరవాత ఎన్నిసార్లు విన్నానో. ఫ్యాక్టరీలో ఎవరైనా సూపర్‌వైజర్ ఇలా అన్నాడట, అలా చేశాడట అని వస్తే, నువ్వు చూశావా అని అడిగేది. చూడలేదంటే, చూసి రా అని పంపేది.

ఆదివారం దాని మోటారుసైకిల్ వెనక కూర్చుని వెళ్ళాను. దారంతా గాలిలో వెనక్కి అరుస్తూ ఏదో చెప్పింది, నాకు సగం వినపడలేదు. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. అంకుల్ లేచి ఏసుకు చిన్న ప్రార్థన చేశారు. ఆ తరవాత మిగతావాళ్ళ వైపు తిరిగి, మీ మీ దేవుళ్ళను మీరు తలుచుకోండి అని, అందరూ తలుచుకునేదాకా నిలబడే ఉన్నారు. నేను మనసులో రాముడికి దణ్ణం పెట్టుకున్నాను. చర్చి గోడల మధ్య రాముడికి దణ్ణం పెట్టింది మన వాళ్ళలో నేనే మొదటిదాన్నేమో.

ఇంక బైబిలు చెబుతారు అనుకున్నాను. చెప్పలేదు. ఒక్కొక్కళ్ళు ఆ వారం పనిలో తమ కళ్ళతో చూసింది ఒకటి చెప్పాలి. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి నోరు తెరవకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. చూసినదాని మీద అందరూ ఆలోచించాలి, ఆలోచించాక ఏదో ఒకటి చెయ్యాలి. చెయ్యకుండా ఇంటికి పోకూడదు. క్రైస్తవ పనివాళ్ళ సంఘాల్లో ఎప్పటినుంచో ఇదే పద్ధతట. ఎక్కువ మాట్లాడేవాళ్ళు అక్కడ ఎంత తిప్పలు పడుతున్నారో! ఒకాయన పెదాలు కొరుక్కుంటూ తన వంతు కోసం చూస్తున్నాడు. మా ఎస్టేట్ అరుగు మీద ఈ కట్టుబాటు ఉండి ఉంటే మాకు ఎంత కాఫీ మిగిలేదో.

నా వంతు వచ్చింది. నేను ఊరికే చూడ్డానికి వచ్చానని చెప్పినా అంకుల్ వదల్లేదు. "నీంగ ఎన్న పార్త్తీంగ, అమ్మా?" అన్నారు, మీరేం చూశారమ్మా అని. ఇంత వయసు వచ్చినా ఆ ప్రశ్న ఇంతకు ముందు నన్ను ఎవరూ అడగలేదు. నేను నా కూతురి చేతులు చూశాను అని చెప్పాను. వేళ్ళ సందులు ఎలా ఉంటాయో చెప్పాను. చెబుతుంటే ఆ హాల్లో ఆడవాళ్ళంతా తమ చేతులు తాము తిప్పి చూసుకున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు మోటారుసైకిల్ మీద అది ఏమీ అరవలేదు. ఎడమ చేత్తో నా మోకాలు ఒకసారి నొక్కింది.

ఆ తరవాత వాళ్ళు చేసిన మొదటి పని స్టూళ్ళు. తోలు చెక్కేవాళ్ళు వరసగా నిలబడే చోటును లైన్ అంటారు. లైన్‌లో నెలలు నిండుతున్న అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె కూడా నిలబడే చెక్కాలి. మా అమ్మాయి అది చూసి వచ్చి కూటంలో చెప్పింది. ఆలోచించారు. గోల చెయ్యలేదు, అర్జీ రాయలేదు. ఒకే రోజున లైన్‌లో ప్రతి ఒక్కరూ, ఒకరి తరవాత ఒకరు, వేరువేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, చాలా మర్యాదగా, ఒక స్టూలు ఇప్పించండి అని అడిగారు. బుట్టలు మోసే మగవాళ్ళు కూడా. అతను మొదట కసిరాడు, తరవాత తల గీరుకున్నాడు, సాయంత్రానికి వాళ్ళను చూస్తేనే పక్క గదిలోకి పోయేవాడట. ఇది చెబుతూ మా అమ్మాయి నవ్వీ నవ్వీ కంచం ముందు నుంచి లేచిపోయింది. తరవాతి వారం లారీలో ప్లాస్టిక్ స్టూళ్ళు వచ్చాయి. ఆ రోజు దాని మొహం మీరు చూడాల్సింది. బడిలో బహుమతి వచ్చిన రోజున కూడా అలా లేదు.

అంకుల్ దానికి చాలా సంగతులు చెప్పేవారు. యూరప్‌లో కొన్ని దేశాల్లో క్రైస్తవ యూనియన్లు ఉన్నాయట, అవి చిన్నవి కూడా కాదట. వెనకటికి అక్కడ గనుల్లో, మిల్లుల్లో మనుషులు నలిగిపోతుంటే, దేవుడు యజమాని వైపు మాత్రమే ఉంటాడా అని కొందరు పాదిరీలూ పనివాళ్ళూ అడిగి, సంఘాలు కట్టారట. కూలి దొంగిలించడం దేవుడి దగ్గర పాపం అని చెప్పారట. ఇది విని మా అమ్మాయి, అయితే మనమూ క్రైస్తవ యూనియన్ పెడదామా అని అడిగిందట. ఆయన ఒప్పుకోలేదు. అక్కడ ఊరంతా ఒకే గుడికి పోయేవాళ్ళు, ఇక్కడ మన లైన్‌లో నలుగురు నిలబడితే నలుగురు దేవుళ్ళు, మన దేశంలో యూనియన్ అందరిదీ అయితేనే నిలుస్తుంది అన్నారట. నన్ను ఈ పనిలోకి పంపింది నా ఏసు, నిన్ను ఎవరు పంపారో నువ్వే చూసుకో అన్నారట. మా అమ్మాయి ఇంటికి వచ్చి నన్ను అడిగింది, నన్ను ఎవరు పంపినారు అమ్మా అని. అన్నం తిను, చల్లారిపోతోంది అన్నాను. ఇప్పుడు అడిగితే ఇంకో జవాబు చెప్పేదాన్ని.

వాళ్ళంతా ఒక పెద్ద యూనియన్‌లో సభ్యులుగా చేరారు. కంపెనీ మేం గుర్తించం అంది. అలా అంటే సర్కారు ఆఫీసరులు వచ్చి రహస్యంగా ఓటు పెడతారు. ఓటు వేసినవాళ్ళలో సగానికి మించి కావాలంటే కంపెనీ దిగిరావాలి. ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. సూపర్‌వైజర్లు లైన్ల మధ్య తిరుగుతూ, అది చర్చి యూనియన్, మిమ్మల్ని మతం మారుస్తారు అని చెప్పడం మొదలుపెట్టారు. లైన్‌లో సగం మంది మలాయ్ ఆడవాళ్ళు. వాళ్ళు ముస్లింలు, చర్చి హాలు మెట్లు ఎక్కలేరు. ఎక్కితే ఊళ్ళో మాట వస్తుంది. వాళ్ళలో పెద్దది కక్ నోర్, కక్ అంటే అక్క. మంచి మాటకారి. ఆవిడ మా అమ్మాయితో, నీ యూనియన్ నాకు కావాలి, నీ హాలు నాకు వద్దు అని మొహం మీదే చెప్పేసింది.

మా అమ్మాయి ఆ ఆదివారం అంకుల్‌తో కూటం హాల్లోంచి బయటకు తీసుకుపోదాం అంది. చర్చివాళ్ళలో కొందరికి కోపం వచ్చింది. ఎవరూ రానప్పుడు మేం చోటు ఇచ్చాం, ఇప్పుడు మా చోటు మైలైందా అన్నారు.  అంకుల్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారట. మా అమ్మాయి ఏడుస్తూ ఇంటికి వచ్చింది. యూనియన్ పని మీద అది ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. అంత పెద్దాయన మనసు కష్టపెట్టాను అని. వాళ్ళ నాన్న పామాయిల్ కాయల లారీ తోలతాడు, మాటలు తక్కువ. ఆయన చెంబు కింద పెట్టి, మన ముందు వాకిలి ఖాళీగానే ఉంది కదా అన్నాడు.

తరవాతి ఆదివారం టార్పాలిన్ కట్టాం. కుర్చీలు లేవు. ఎవరింట్లోంచి ఎన్ని తేవాలా అని చూస్తుంటే చిన్న లారీ ఒకటి వచ్చి ఆగింది. ముందు సీట్లో అంకుల్. వెనక చర్చి హాలు కుర్చీలన్నీ. కోపం వచ్చినవాళ్ళే ఎక్కించి పంపారట. మా అమ్మాయి పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, క్రైస్తవుడి కాళ్ళకు పెట్టకూడదు, కుర్చీలు దించు అన్నారు. దించాక చూస్తే ప్రతి కుర్చీ వెనకా తెల్ల రంగుతో శిలువ వేసి ఉంది! కక్ నోర్ అప్పుడే మలాయ్ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. అందరం బిగుసుకుపోయాం. ఆవిడ ఒక కుర్చీ వెనక్కి తిప్పి చూసింది, ముందుకి తిప్పి చూసింది.

"నా వీపుకి కళ్ళు లేవు లా" అని మలాయ్‌లో అని, కూర్చుంది.

ఆ నవ్వులకు పక్కింటివాళ్ళు బయటకు వచ్చి చూశారు. మా దండెం మీద తువ్వాళ్ళు తెచ్చి కుర్చీలకు కప్పాం. ఒకటి తక్కువైతే మా ఆయన లుంగీ కప్పాం.

అంతా బాగుంది అనుకుంటే నేను ఒక పని చేశాను. వాకిట్లోకి ఇంతమంది వస్తున్నారు కదా అని పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను. మన ఇళ్ళల్లో అలవాటు మీకు తెలుసు కదా, వండింది ముందు దేవుడి దగ్గర పెట్టి, గంట కొట్టి, హారతి ఇచ్చి, అప్పుడు మనుషులకు పెడతాం. అలాగే చేసి ప్రసాదం అని అందరికీ పంచాను. మలాయ్ ఆడవాళ్ళు ఆకు చేతిలో పట్టుకుని ఉండిపోయారు. సారవాక్ అమ్మాయిది అంకుల్ చర్చి కాదు, వేరేది, ఇంకా నియమంగా ఉండేది. విగ్రహం ముందు పెట్టినది ఆమె ముట్టదు. ఆమె కూడా ఆకు కింద పెట్టేసింది. అంకుల్ ఒక్కరే తింటున్నారు, ఆయన నమలడం అందరికీ వినపడుతోంది. నా మొహం మాడిపోయింది. నా చేతి తిండి నా వాకిట్లో తోసేస్తారా అని కోపం కూడా వచ్చింది.

మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లిగా అంది, "అమ్మా, నీ మీద కోపం కాదు. నువ్వు పెట్టింది మనుసులకి కాదు గదా, దేవుడికి. దేవుడి పళ్ళెంలోది వాళ్ళెలా తింటారు? వచ్చేవారం ముందు మనుసులకి వండు. దేవుడికి తరవాత పెట్టుకో, ఆయన ఏటీ అనుకోడు."

అప్పటికప్పుడు పెరట్లో కర్రపెండలం తవ్వి, ఉడకబెట్టి, కొబ్బరి కోరి పక్కన పెట్టాను. ఏ దేవుడికీ చూపించకుండా నేరుగా పట్టుకొచ్చాను. వేడివేడిగా ఊదుకుంటూ ఒక్కళ్ళు వదలకుండా తిన్నారు. కక్ నోర్ నన్ను మక్‌చిక్ అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టింది. అంటే పిన్ని అని. అలిసిపోయి వచ్చినవాళ్ళతో ముందు మాట్లాడకూడదమ్మా, ముందు తినిపించాలి అని మా అమ్మాయి అనేది. ఆ తరవాత వాకిట్లో కూటం జరిగిన ప్రతి ఆదివారం నా పొయ్యి మీద కర్రపెండలం ఉడికింది. అంకుల్ ఏసుకు చిన్న ప్రార్థన చేసేవారు, కక్ నోర్ వాళ్ళు అరచేతులు చాపి తమ దువా చదువుకునేవారు, నేను పొయ్యి దగ్గర నుంచే రాముణ్ణి తలుచుకునేదాన్ని. అందరూ అయ్యేదాకా అందరూ ఆగేవారు. మా వదిన ఒకసారి వచ్చి, వాకిట్లో నిలబడి అంతా చూసి, ఇంకేమీ అనలేక పెండలం ఇంకొంచెం ఉడకాలి అని పోయింది.

ఓటు రోజు ఖాయం చేశారని ఫోను వచ్చినప్పుడు మా అమ్మాయి వంటింట్లో ఉంది. నన్ను నడుం పట్టుకుని ఎత్తేసింది. నా బరువుకి ఇద్దరం బియ్యం డబ్బా మీద పడ్డాం. ఆ పక్క వారమే జ్వరం వచ్చింది.

పెద్దకర్మ రోజున ఫ్యాక్టరీవాళ్ళు చాలామంది వచ్చారు. కార్యం అయ్యాక ఎవరూ లేవలేదు. కుర్చీలు ఇంకా మా వాకిట్లోనే ఉన్నాయి. వాటంతట అవే గుండ్రంగా అయిపోయాయి. ఎవరూ కూటం అని అనలేదు, కానీ వంతుగా మాట్లాడడం మొదలైంది. భయం మాట్లాడింది. కంపెనీవాళ్ళు, యూనియన్ వద్దంటే బుట్టకు కూలి పెంచుతామని మాట ఇచ్చారని ఒకరు అన్నారు. ముందు నిలబడి మాట్లాడే మనిషే లేదు, ఓటు వాయిదా వెయ్యమని అడుగుదాం అని ఇంకొకరు. ఇంకొంతమంది ఏడుస్తూ, తన కోసమే వేస్తాం, తన ఆత్మ శాంతి కోసం యూనియన్‌కే వేస్తాం అన్నారు. సారవాక్ అమ్మాయి తల ఎత్తలేదు. నా వంతు వచ్చింది. అంకుల్ నన్ను ఏమీ అడగలేదు, ఊరికే చూశారు.

నాకు వాళ్ళ భాషలన్నీ కలిపి రావు. అరవంలో కొంత, మలాయ్‌లో కొంత చెప్పాను, మిగతాది తెలుగే. నా కూతురు మీ కోసం చచ్చిపోలేదు అన్నాను. దాన్ని దోమ కుట్టింది, జ్వరం వచ్చింది, పోయింది. దాని పేరు మీద ఓటు వెయ్యొద్దు. చచ్చిపోయినవాళ్ళకి కూలి అక్కర్లేదు, స్టూలు అక్కర్లేదు. రేపు ఇంకొకళ్ళు చస్తే అప్పుడు ఎవరి పేరు మీద వేస్తారు?

"మీ సేతులు సూసుకోండి" అన్నాను. "సూసినాక ఏటి సెయ్యాలనిపిత్తే అది సెయ్యండి. యూనియన్ వద్దనిపిత్తే వద్దని వెయ్యండి. నా ఇంటికొస్తే పెండలం మాత్రం పెడతాను."

అందరి వంతూ అయిపోయింది కాబట్టి ఇప్పుడు రెండోసారి మాట్లాడొచ్చు. ముందు సారవాక్ అమ్మాయి లేచింది. వాయిదా అడగొద్దు అంది. ముందు నిలబడే మనిషి కావాలంటే నేను నిలబడతాను, నాకు మాట్లాడడం రాదు, రాయడం కూడా రాదు, నిలబడడం వచ్చు అంది. కక్ నోర్ నిలబడడానికి నాకూ కాళ్ళున్నాయి అని ఆమె పక్కకు వెళ్ళింది.

ఇంక ఈ వారం సంగతి. ఓటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. అంకుల్, నేను, మా ఆయన గేటు ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాం. ముందు రోజు కంపెనీవాళ్ళు అందరికీ ఉచితంగా బిర్యానీ పెట్టారట. మాంసం ముక్కలు పెద్దవిగా ఉన్నాయా అని మా ఆయన గేటు పక్క కంచెలోంచి కక్ నోర్‌ను అడిగాడు. చాలా పెద్దవి, రెండుసార్లు పెట్టించుకున్నాను అని కక్ నోర్ పొట్ట తట్టుకుని చూపించి లోపలికి పోయింది. షిఫ్టు షిఫ్టుగా పిలిచి ఓటు వేయిస్తున్నారు. అంకుల్ ఒక చెయ్యి చొక్కా జేబులోనే ఉంచుకున్నారు, లోపల జపమాల కదులుతోందని నాకు తెలుసు. నేను కొంగు చివర మెలి పెడుతూ రామనామం అనుకుంటున్నాను. మా ఆయన టీ మీద టీ తెప్పిస్తున్నాడు, ఎవరూ తాగడం లేదు. కొట్టువాడికి చివరికి జాలి వేసి, ఇంక ఇవ్వను పో అన్నాడు.

ఇంక కూర్చోలేక లేచాను. అది పుట్టిన రోజున ఆసుపత్రి బయట వాళ్ళ నాన్న ఇలాగే తిరిగి ఉంటాడు. ఈసారి ఇద్దరం తిరిగాం. ఒక్కోసారి అది లోపలే ఉందనిపించేది. ఇప్పుడు బయటకు వచ్చి చెబుతుంది, చెప్పబోయే ముందే నవ్వేస్తుంది, నాకు సంగతి అర్థం కాదు అనిపించేది. మళ్ళీ గుర్తొచ్చేది. గుర్తొచ్చి కూడా ఆ ఆత్రం ఆగలేదు. దుఃఖమూ ఆత్రమూ ఒకే ఒంట్లో ఇలా ఇమడగలవని నాకు తెలియదు.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా క్యాంటీన్ తలుపు తెరుచుకుంది, మేం కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాం. ముందు ఆఫీసరులు వచ్చారు, ఫైళ్ళు పట్టుకుని, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా. తరవాత మేనేజరు వచ్చాడు. అతను ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, మాట్లాడుతూ, గోడ వైపు తిరిగిపోయాడు. అంకుల్ నా భుజం పట్టుకున్నారు. అప్పుడు కక్ నోర్ బయటకు వచ్చింది. నడవడం లేదు, ఆ వయసులో పరుగెత్తుతోంది. కంచె దగ్గరికి వచ్చి ఆ ఇనుప కన్నాల్లోంచి నా వేళ్ళు పట్టుకుంది. ఊపిరి అందడం లేదు.

"మక్‌చిక్, సగం కాదు లా," అంది, "సగం ఎప్పుడో దాటిపోయింది. మెనాంగ్."

మెనాంగ్ అంటే గెలిచాం అని. వెనక లైన్ మనుషులంతా వచ్చేశారు. అరుపులు లేవు. కొందరు నవ్వుతున్నారు, కొందరు కంచె మీద నుదురు ఆనించారు. సారవాక్ అమ్మాయి ఏసుకు ఏదో చెబుతోంది. అంకుల్ నేల మీదే కూర్చుండిపోయారు, మా ఆయన ఆయన పక్కన కూర్చుని ఆయన వీపు రాస్తున్నాడు. నేను నవ్వాను. అది పోయాక నేను నోరు తెరిచి నవ్వడం అదే మొదటిసారి.

ఇంతలో సాయంత్రం షిఫ్టు సైరన్ మోగింది. గెలిచినా కొబ్బరి ఆగదు కదా. ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరూ వెనక్కి తిరిగారు. ఒక్కొక్కళ్ళూ తెల్ల టోపీ పెట్టుకుని, జుట్టు లోపలికి దోపుకుని, మాస్కు కట్టుకున్నారు. ఇంక కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఎవరు మలాయో, ఎవరు అరవమో, ఎవరు మనవాళ్ళో తెలియదు. తలుపుకు వేలాడే ప్లాస్టిక్ పట్టీలను చేత్తో తోసుకుంటూ వరుసగా లోపలికి పోయారు. ఒకమ్మాయి మాత్రం పట్టీల దగ్గర ఆగి, కంచె ఇవతల ఉన్న మా వైపు ఒకసారి చూసింది. మాస్కు కింద నవ్వుతోందని కళ్ళను బట్టి తెలుస్తోంది. ఎవరో నాకు తెలియలేదు. తరవాత ఆమె కూడా వెళ్ళిపోయింది. ఆ పట్టీలు ఊగి ఊగి ఆగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.